కుడివైపు మొదటి గ్లాసు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. కాఫీ మెషిన్‌లో నేను కడగకుండా వదిలేసిన పులుపును కాఫీ చేసే మనిషి చేతి మీదికి నెట్టాను. నలుగురి ముందు, మీటర్లు చూపించి మరీ నెట్టాను. ఆమె ఉద్యోగం పోయింది. నా వైపు ముప్ఫై ఏళ్ల అనుభవం ఉంది, సంచీ నిండా పనిముట్లు ఉన్నాయి. ఆమె వైపు ఆమె నాలుక ఒక్కటే ఉంది. నిజం చెప్పింది ఆ నాలుకే.

మెషిన్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు ఫోన్ చేసి, అదెలా విప్పాలి, ఇదెలా బిగించాలి అని అడుగుతుంటారు. విప్పడం, బిగించడం ఎవరైనా నేర్పుతారు. ఇది వాళ్లకోసం రాస్తున్నాను.

నేను మొదట కాఫీ మనిషిని కాదు. బోధన్ దగ్గర చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేశాను. చెరకు సీజన్ మొదలైతే నాలుగైదు నెలలు ఆవిరే మా ఊపిరి. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. బాయిలర్‌లోకి పోయే నీళ్లలో చిన్న కాగితం ముక్క ముంచి, దాని రంగు చూడనిదే లోపలికి పంపేవాళ్లం కాదు. నీళ్లలో పులుపు చేరితే కాగితం ఎర్రబడుతుంది, ఆ పులుపు గొట్టాలను తినేస్తుంది. ఆ కాగితాల పుస్తకం అగ్గిపెట్టెంత ఉంటుంది. జేబులో వేసుకొని తిరిగేవాళ్లం. ఫ్యాక్టరీ మూతపడ్డాక నేను తెచ్చుకున్న ఆస్తి ఏమిటంటే ఆ కాగితాలు నాలుగు పుస్తకాలు, ఒక పెద్ద పానా.

కొన్నేళ్లు ఆ పనీ ఈ పనీ చేశాక, హైదరాబాద్‌లో కాఫీ మెషిన్లు అమ్మే డీలర్ ఒకాయన నిజామాబాద్ వైపు సర్వీసుకు మనిషి కావాలన్నాడు. పోయి చూశాను. స్టీలు పెట్టెలో చిన్న బాయిలర్, దానికో ప్రెషర్ మీటరు, ఒక సేఫ్టీ వాల్వు. మూడంతస్తుల ఏనుగును చూసిన వాడికి పిల్లిపిల్లను చూపించినట్టయింది. వారంలో నేర్చుకున్నాను.

అప్పటికి మా ఇంట్లో కాఫీ అంటే తలనొప్పికి, జ్వరానికి ఇచ్చేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చాయ్ తాగుతారు. నేను కాఫీ మెషిన్ల పనిలో చేరానని చెబితే మా ఆవిడ బీడీల చాట పక్కకు పెట్టి అడిగింది, "గంతమందికి జరమొస్తదా అయ్యా నిజామాబాద్‌ల?"

జ్వరం లేకుండానే వచ్చారు జనం. నిజామాబాద్ పెద్ద రోడ్డు మీద గాజు తలుపుల కాఫీ దుకాణం తెరిచారు. అనేక ఊళ్లలో దుకాణాలున్న కంపెనీ వాళ్లది. మొదట్లో నేను అక్కడి వాళ్లను చూసి నవ్వుకునేవాణ్ణి. కాలేజీ పిల్లలు ఒక్క కోల్డ్ కాఫీ ముందు పెట్టుకొని, స్ట్రా అరిగిపోతుందేమో అన్నంత నెమ్మదిగా రెండు గంటలు పీల్చేవాళ్లు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన కమ్మర్‌పల్లి మనిషి ఒకతను, పాలు లేని చేదు కాఫీ అడిగి, ఒక్క గుటకలో తాగి, "గిదీ కాఫీ అంటే" అని కళ్లు మూసుకునేవాడు. భూముల రిజిస్ట్రేషన్ పని మీద వచ్చిన క్యాంపు రైతులు లోపలికి తొంగిచూసి, "ఫిల్టర్ కాఫీ ఉందా అమ్మా?" అని అడిగి, లేదంటే మొహం చిన్నబుచ్చుకొని వెళ్లిపోయేవాళ్లు. కాలువ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల ఊళ్లను మా దగ్గర క్యాంపులంటారు. వాళ్ల ఇళ్లలో తెల్లారేది ఇత్తడి ఫిల్టర్ చప్పుడుతోనే.

నేను చెబుతున్న ఆమె అలాంటి క్యాంపు ఇంటి మనిషే. ఎడపల్లి దాటాక కాలువ పక్కన ఊరు. అప్పుడు ఆమెకు ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్లుంటాయి. భర్త కౌలుకు వరి వేసేవాడు. ఇద్దరు బడి పిల్లలు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి, నల్ల ఏప్రన్ కట్టుకొని మెషిన్ ముందు నిలబడేది.

ఆమె పని చూడటం ఒక ముచ్చట. పాలలో ఆవిరి గొట్టం పెట్టి, తల కొంచెం పక్కకు వంచి వినేది. మొదట కాగితం చింపినట్టు చప్పుడు, తర్వాత మెత్తని గుసగుస, ఆ తర్వాత చప్పుడు బొంగురుపోయే క్షణం ఒకటి వస్తుంది. ఆ క్షణంలో ఆపేసేది. థర్మామీటరు పక్కనే ఉన్నా దాన్ని చూసేది కాదు. నేను బాయిలర్ దగ్గర సరిగ్గా అలాగే వినేవాణ్ణి. ఒకసారి ఆ మాటే అన్నాను.

"బిడ్డా, నువ్వు మా ఫ్యాక్టరీల ఉంటే నిన్ను బాయిలర్ మీద కూసోబెడుదురు."

"అమ్మో, నల్లగా అయిపోనూ బాబాయ్ గారూ!" అని నవ్వింది. "మా మామ్మ నేర్పింది. డికాషన్ దిగేటప్పుడు ఎన్నో చుక్క దిగుతుందో పక్క గదిలోంచి చెప్పేస్తుంది."

మామ్మ అంటే వాళ్ల నాయనమ్మ. ఆ రోజు నుంచి సర్వీసుకు వెళ్లినప్పుడల్లా నాకు ఒక కప్పు చేసి ఇచ్చేది. నేను అందులో రెండు చెంచాల చక్కెర వేసుకునేవాణ్ణి. ఆమె అది చూడలేక అటు తిరిగేది. "చెరకు వాసన పోలేదండీ మీకు" అనేది.

ఇక ఆ రోజు సంగతి.

మా ఊరి బోరు నీళ్లకు సున్నం ఎక్కువ. రెండు మూడు నెలలకోసారి మెషిన్ లోపల పొర కడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు లోపలికి ఎక్కించి, పొర కరిగాక మంచినీళ్లతో బాగా కడిగేయాలి. ఆ మెషిన్‌కు కాఫీ దిగే చోట్లు రెండు, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. దేని గొట్టం దానిదే. రెండింటినీ విడివిడిగా కడగాలి. పని అంతా ఇంతే.

ఆ పొద్దున దుకాణం తెరవకముందే వెళ్లి నిమ్మ ఉప్పు ఎక్కించాను. కడగడం మొదలుపెట్టాక తెలిసింది, బోరు మోటారు కాలిపోయిందని. ట్యాంకులో నీళ్లు అడుగంటాయి. ట్యాంకరు పదింటికి గానీ రాదు. ఎడమవైపు రెండు బకెట్ల నీళ్లు పోయేదాకా కడిగాను. కుడివైపుకు వచ్చేసరికి, దుకాణం తెరిస్తే గిన్నెలు కడుక్కోవడానికైనా నీళ్లు ఉండాలి కదా అనుకున్నాను. రెండు జగ్గులతో సరిపెట్టాను. బోధన్‌లో ఒక బేకరీ మెషిన్ ఆగిపోయిందని ఫోన్ మీద ఫోన్ వస్తోంది. ట్యాంకరు వచ్చాక కుడివైపు ఇంకోసారి కడగండని ఒక్క మాట చెప్పి పోవాల్సింది. చెప్పలేదు. సంచీ తగిలించుకొని బండెక్కాను.

పదకొండున్నరకు ఫోన్. దుకాణం మేనేజరు. మా వైపు కుర్రాడే, నన్ను కాకా అని పిలిచేవాడు.

"కాకా, జల్ది రా. హైదరాబాద్ సారు తనిఖీకి వచ్చిండు. గీమె పొద్దటికెంచి కుడి దిక్కు ముట్టుడే బంద్ జేసింది. లైను తలుపు దాకా ఉంది."

నేను వెళ్లేసరికి కంపెనీ అధికారి చేతులు కట్టుకొని కౌంటరు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె ఎడమవైపు ఒక్కదానితోనే చకచకా కప్పులు నింపుతోంది. నన్ను చూడగానే ఆమె మొహం తేటపడింది. నాకోసమే చూస్తోంది. ఆ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"బాబాయ్ గారూ, కుడివైపు పులుపొస్తోంది. పాల నురగ కూడా పలుకులు పలుకులుగా ఉంటోంది. ఒక్కసారి చూడండి."

"గా తక్కువ వేంచిన లైట్ రోస్ట్ కాఫీ పులుపే ఉంటది గదా!" అన్నాడు మేనేజరు. "అందరు తాగుతున్నరు, నీకే గొడవొచ్చె."

"కాఫీ పులుపు వేరు, ఇది వేరు సార్. నేను ఇది పోయలేను."

అధికారి నా వైపు తిరిగాడు. "పొద్దున మీరే కదా సర్వీస్ చేసింది?"

"అవును సార్."

అప్పుడే నాకు ఆ రెండు జగ్గుల నీళ్లు గుర్తొచ్చాయి. మర్చిపోయానని చెప్పుకోవడానికి వీల్లేదు. స్పష్టంగా గుర్తొచ్చాయి. సోమవారం ఆ కంపెనీతో నా ఏడాది సర్వీసు ఒప్పందం తిరిగి రాయాల్సి ఉంది. రాసేది ఆ అధికారే. నేను మీటరు చూశాను, ప్రెషర్ సరిగ్గా ఉంది. వేడి చూశాను, సరిగ్గా ఉంది. కుడివైపు నుంచి ఒక కప్పు తీయించి, పాలు పోయించి, అలవాటు ప్రకారం రెండు చెంచాల చక్కెర కలుపుకొని తాగాను. అంత చక్కెరలో నాకు ఏ పులుపూ తెలియలేదు. తెలుసుకోవాలని నేను తాగనూ లేదు.

కప్పు కింద పెట్టి అన్నాను, "మెషిన్ల ఏం లేదు సార్. చెయ్యిలనే ఉన్నది."

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నా వైపే చూస్తూ ఉండిపోయింది. అధికారి ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు. మేనేజరు ఆమెను లోపలికి పిలిచాడు. పది నిమిషాల తర్వాత ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర నా చేతిలో చిన్న స్టీలు సీసా ఒకటి పెట్టింది.

"కుడివైపు నుంచి పట్టాను బాబాయ్ గారూ. కాఫీ కాదు, ఉత్త నీళ్లు. తీరిక దొరికినప్పుడు చూడండి."

ఆమె పోయాక కౌంటరులో ఇంకో కుర్రాణ్ణి నిలబెట్టారు. అతను రెండువైపులా వాడాడు. ఓ ఇరవై కప్పులు దిగేసరికి మిగిలిన పులుపంతా కొట్టుకుపోయి ఉంటుంది. మధ్యాహ్నానికి కుడివైపు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నా మాటే నిజమని మేనేజరు అందరికీ చెప్పాడు. ఆ ఇరవై కప్పులు ఎవరు తాగారో నాకు తెలియదు. వాళ్లు గనక ఇది చదివితే, నన్ను మన్నించమని అడుగుతున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చి సంచీ విప్పాను. సీసా పక్కనే ఫ్యాక్టరీ కాగితాల పుస్తకం ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. ఒక ముక్క చింపి ముంచాను. దానిమ్మ గింజలా ఎర్రబడింది.

మీరు గమనించాల్సింది ఇక్కడే. కాఫీలో ముంచితే ఏమీ తేలదు, కాఫీలో దాని పులుపు దానికి ఉంటుంది. ఉత్త నీళ్లలో ఎర్రబడితే అది నేను వదిలిన నిమ్మ ఉప్పే. లాబ్‌లో చదువుకున్నవాళ్లు చేసే పని ఆమె చేసింది. అంత గొడవలో, ఉద్యోగం పోతున్న సమయంలో, తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఏది పట్టి ఉంచాలో ఆమెకు తట్టింది. బాయిలర్ దగ్గర సగం జీవితం గడిపిన నేను, సంచీలో కాగితాలు పెట్టుకొని, మీటర్లు చూపించి వచ్చాను.

మా ఆవిడ ఎర్ర కాగితం చూసి ఏమిటని అడిగింది. చెప్పాను.

"మరి పోయి చెప్పరాదు?"

"సోమవారం కానీ."

మా ఆవిడ చాట ఒళ్లోకి లాక్కుంది. బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. ఆ పూట నాకు చాయ్ ఇవ్వలేదు.

సోమవారం ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ తర్వాత కూడా వారం రోజులు ఆగాను. ఎందుకు ఆగానంటే చెప్పడానికి కారణమేమీ లేదు. ఆగిన కొద్దీ తేలికవుతుందనుకున్నాను. ఈలోగా బేకరీ ఆయన మాటల మధ్యలో అన్నాడు, ఆమె పని కోసం వచ్చిందని, పాత దుకాణానికి ఫోన్ చేసి అడిగితే చెయ్యి బాగాలేదన్నారని, అందుకే వద్దన్నానని. నా మాట నాకంటే ముందు బోధన్ చేరింది. మర్నాడే బండి తీసి ఎడపల్లి వైపు వెళ్లాను.

కాలువ గట్టు దిగాక వాళ్ల ఇల్లు. వసారాలో పెద్దామె కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మనవరాలు లోపలి నుంచి వచ్చి నన్ను చూసి ఆగింది.

"ఎవరే?" అంది పెద్దామె.

"మెషిన్లు బాగుచేసే బాబాయ్ మామ్మా."

"నీ చేతికి వంక పెట్టినాయనేనా?"

"ఆయనే."

"సరే. కాఫీ తాగుతాడేమో అడుగు."

అంతకంటే తిట్టినా బాగుండేది. నేను నిలబడే చెప్పాను. రెండు జగ్గుల సంగతి, ఎర్ర కాగితం సంగతి, సోమవారం సంగతి, అన్నీ. పెద్దామె ఈనెలు తీయడం ఆపలేదు.

"దాని నాలుక నేను పెంచిందయ్యా," అంది. "మూడో ఏట నుంచీ డికాషన్ రుచి చూపించి, ఇవాళ పొడి పాతదా కొత్తదా అని అడిగేదాన్ని. తప్పు చెబితే మీగడ పెట్టేదాన్ని కాదు."

నేను మనవరాలి వైపు చూశాను. ఆమె ఇత్తడి ఫిల్టర్ మీద చెయ్యి ఆనించి వేడి చూస్తోంది.

"ఇదంతా నాకెందుకు చెబుతున్నారు బాబాయ్ గారూ?" అంది. "నాకు తెలుసుగా."

నేను సంచీలోంచి ఆ సీసా తీయబోయాను.

"తెలియనోళ్లకి చెప్పండి. ఆ రోజు అందరి ముందూ అన్నారు. లోపల గదిలో మేనేజర్ చెవిలో చెప్పేసి ఊరుకోకండి. అక్కడే, కౌంటర్ ముందు, ఆ సారు ఉన్నప్పుడు, లైనులో జనం ఉన్నప్పుడు చెప్పండి."

"చెప్తా బిడ్డా."

"ముందిది తాగండి. చల్లారిపోద్ది."

గ్లాసు ఇచ్చింది. పంచదార తక్కువేసిన చిక్కటి ఫిల్టర్ కాఫీ. చక్కెర అడగడానికి నాకు ధైర్యం లేదు. అలాగే తాగాను. మొదట చేదు, తర్వాత పాల తీపి, ఆ తర్వాత ఎక్కడో లోపల వేయించిన వాసన నిలబడింది. యాభై అయిదేళ్లు వచ్చాక కాఫీ రుచి మొదటిసారి నాకు తెలిసింది, అదీ తాగే అర్హత లేని పూట.

ఆ అధికారి మళ్లీ మూడు రోజులకు వచ్చాడు. పదకొండున్నరకు వెళ్లాను. ఆదివారం, లైను తలుపు దాకా ఉంది. సీసా కౌంటరు మీద పెట్టి, కాగితం ముంచి అందరికీ కనబడేలా పట్టుకొని చెప్పాను. ఆ రోజు పులుపు మెషిన్‌దేనని, కడగనిది నేనేనని, ఆమె చేతిలో ఏ లోపమూ లేదని.

మేనేజరు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "కాకా, గిదంత గీడనా? లోపల కూసోని మాట్లాడుకుందుం రా."

"ఆ దినం లోపల కూసోని అనలె గదా సార్."

అధికారి కాగితం తీసుకొని వెలుతురులో చూశాడు. "మీకు ఆ రోజే తెలుసా?"

"అనుమానం ఉండె సార్. గీ కాగితాలు గుడ సంచిలనే ఉండె. నేను తియ్యలె."

నా ఒప్పందం ఆ వారమే రద్దయింది. అది న్యాయమే. అధికారి తాను రాసిన మాట కొట్టేసి, ఆమెకు తనే ఫోన్ చేశాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. తాను వద్దన్న కాఫీ ఎవరూ పోయకూడదని, అలాగైతేనే వస్తానని అందట. ఆ మాట కాగితం మీద రాయించుకొని వచ్చింది. ఇప్పటికీ నేను దాన్ని తలుచుకుంటే తల వంచుతాను. నేను ఒప్పందం కోసం నోరు మూసుకున్నాను. ఆమె నోరు తెరిచే హక్కు కోసం ఒప్పందం రాయించుకుంది.

నాలుగు నెలల తర్వాత ఆ దుకాణం నుంచే నాకు ఫోన్ వచ్చింది. మెషిన్‌లో పొర కట్టింది, హైదరాబాద్ మనిషికి వారం దాకా తీరదు. మేనేజరు ఇబ్బందిగా అన్నాడు, "ఆమెనే నిన్ను పిలువుమన్నది కాకా. ఇగ నీయంత జాగ్రత్త ఇంకెవ్వరు జెయ్యరంట."

వెళ్లాను. ఎడమవైపు రెండు బకెట్లు, కుడివైపు మూడు బకెట్లు కడిగాను. కాగితం ముంచి చూశాను, రంగు మారలేదు. పనిముట్లు సర్దుతుంటే ఆమె వచ్చి, కుడివైపు నుంచి గాజు గ్లాసు నిండా వేడినీళ్లు పట్టి నా ముందు పెట్టింది. కాగితం వైపు చూడలేదు. నా వైపే చూస్తూ నిలబడింది. నేను ఊదుకుంటూ చివరి గుక్క దాకా తాగాను. తర్వాత ఎడమవైపుది.

ఆ తర్వాత నేను పనిచేసిన ఆరేళ్లూ, నిజామాబాద్‌లో అయినా, బోధన్‌లో అయినా, ఆర్మూర్‌లో అయినా, నేను కడిగిన ప్రతి మెషిన్ నుంచి మొదటి గ్లాసు నీళ్లు నేనే తాగాను. కాఫీ చేసే మనిషిని పిలిచి, ఆ మనిషి ఎదుట తాగాను. తర్వాత వాళ్లకు ఒక గుక్క ఇచ్చి, ఎట్లుందని అడిగాను. బాగాలేదంటే ఎందుకని అడగకుండా మళ్లీ కడిగాను. కొందరు నవ్వేవాళ్లు. నవ్వనిచ్చాను.

మోకాళ్లు సహకరించక పని మానేసేముందు చివరి సర్వీసు ఆ గాజు తలుపుల దుకాణంలోనే చేశాను. పని అయ్యాక కుడివైపు కింద గ్లాసు పెట్టి పట్టుకున్నాను. తాగాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అదే మాట ఆమెకు చెప్పాను.

ఆమె నా చేతిలోంచి గ్లాసు తీసుకొని, అడుగున మిగిలిన గుక్క తాను తాగి చూసింది. తల ఊపి, కుడివైపు హ్యాండిల్ బిగించి, లైనులో మొదటి మనిషిని రమ్మంది.